గీసిన ఇల్లు, కాసిన చేతులు

"మావయ్యా, అరుగు ఎక్కట్లేదు!"

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మేనకోడలు పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని కూచుంది. తెర మీద నల్లటి బయలు. దాని మీద చుక్కల గడులు, గడుల మీద తెల్లటి గీతలు. ఆ గీతలు మా ఇల్లు. మండపేట దగ్గర పల్లెలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలి. పెంకులు జారి, దూలాలు పుచ్చిపోతే పదేళ్ల కిందట పడగొట్టేశాం. అప్పటికి ఈ పిల్లకు మూడేళ్లు. ఇల్లు గుర్తులేదు. అమ్మమ్మ నోటి వెంట విన్న ఇల్లే ఆమెకు తెలిసిన ఇల్లు.

దాన్ని ఇప్పుడు ఆటలో కడుతోంది. ఆట పేరు డూమ్. 1993 నాటిది. అందులో రాక్షసులుంటారు, తుపాకులుంటాయి. ఈ ఇంట్లో మాత్రం ఒక్క రాక్షసుణ్నీ పెట్టలేదు.

అరుగు ఎత్తు 32 అని వేసింది. డూమ్‌లో మనిషి 24 కొలతల ఎత్తు వరకే అడుగేయగలడు. అంతకు మించితే అది మెట్టు కాదు, గోడ. గెంతడం ఆ ఆటలో లేదు. 32 చెరిపి 24 వేసింది. మనిషి అరుగెక్కాడు, గడప దాటాడు, సావిట్లోకి వచ్చాడు. ఇక మండువా. నడిమధ్య గదిని ఎంచుకుని, పైకప్పు తీసేసి దాని చోట ఎఫ్-స్కై-1 అనే బొమ్మ పెట్టింది. ఆ బొమ్మ పెడితే కప్పు పోయి ఆకాశం వస్తుంది. ఇంటి లోపలి దృశ్యం చూడ్డానికి ట్యాబ్ నొక్కింది. ఆకాశం వచ్చింది గానీ మండువా చీకటిగానే ఉంది. డూమ్‌లో ఆకాశానికీ వెలుతురికీ సంబంధం లేదు. వెలుతురంటే 0 నుంచి 255 దాకా ఒక అంకె, గదిగదికీ విడిగా ఇవ్వాలి. మండువాకు 224 ఇచ్చింది, చుట్టూ వసారాలకు 144. మళ్లీ ట్యాబ్.

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. మిట్టమధ్యాహ్నం మా ఇంట్లో వెలుతురు అచ్చం అలాగే ఉండేది.

ఆమె గీస్తున్న పనిముట్టు పేరు యురేకా. డూమ్ ఆటకు అంతస్తులు, గదులు, తలుపులు గీసే లెవెల్ ఎడిటర్. పైసా కట్టక్కర్లేదు, సోర్స్ కోడ్ అందరికీ బాహాటం. డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్క వరుస ఆజ్ఞ ఇస్తే వచ్చి కూచుంటుంది. ఆ ఒక్క వరుస వెనక ఎవరున్నారన్న ప్రశ్న మామూలుగా మనకు రాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో దొంగదారి బయటపడ్డాక ఆ ప్రశ్న ప్రపంచమంతా అడుగుతోంది. బ్యాంకుల సర్వర్ల గురించి అడుగుతున్నారు, ఆస్పత్రుల కంప్యూటర్ల గురించి అడుగుతున్నారు. పిల్లలు ఇల్లు గీసుకునే పనిముట్టు గురించి కూడా అడగాలనే ఈ కథనం.

ఆటతో పాటు తాళంచెవి

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, మెస్కీట్ అనే ఊరు. అక్కడి ఇడ్ సాఫ్ట్‌వేర్ 1993 డిసెంబరు 10న డూమ్‌ను విడుదల చేసింది. దానికి ముందు 1992లో వాళ్లదే వుల్ఫెన్‌స్టైన్ 3డి ఆట వచ్చింది. ఆడేవాళ్లు దాని ఫైళ్లను పగలగొట్టి సొంత గోడలు, సొంత బొమ్మలు పెట్టుకోవడం ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ చూశాడు. వేరేవాళ్లైతే తాళం గట్టిది వేసేవారు. కార్మాక్ తలుపే తీసి పెట్టాడు. డూమ్‌లో ఆటను నడిపే యంత్రాన్ని ఒక వైపు, గదులూ బొమ్మలూ శబ్దాలనూ మరో వైపు విడదీశాడు. ఆ రెండో వైపు మొత్తం వ్యాడ్ అనే ఒకే ఫైలులో ఉంటుంది. సొంతంగా ఇంకో వ్యాడ్ తయారుచేసి పక్కన పెడితే యంత్రం దాన్నీ నడుపుతుంది.

ఇడ్ వాళ్లు తమ గదులను డూమ్‌ఎడ్ అనే సొంత ఎడిటర్‌లో, ఖరీదైన నెక్స్ట్ కంప్యూటర్ల మీద గీసుకున్నారు. ఆడేవాళ్ల ఇళ్లలో అవి లేవు. అయినా ఆట వచ్చిన ఏడు వారాల్లోపే, 1994 జనవరి 26న, మామూలు పీసీలో నడిచే ఎడిటర్ వచ్చేసింది. న్యూజీలాండ్‌లో బ్రెండన్ వైబర్, బెల్జియంలో రఫాయెల్ కినే. భూగోళానికి చెరో వైపున ఉండి నెట్ మీదే మాట్లాడుకుంటూ కట్టిన ఆ ఎడిటర్ పేరు డీఈయూ. ఆ తర్వాత డూమ్ పటాలు వెల్లువెత్తాయి. ఆ రోజుల్లో కుర్రాళ్లు మొదట గీసింది వాళ్ల ఇల్లు, బడి, ఆఫీసు. 2023లో మైహౌస్ అనే పటం పెద్ద చర్చ లేపింది. పైకి మామూలు ఇంటి పటంలాగే మొదలై, తిరిగేకొద్దీ గదులు మారిపోతూ మనసును కలచివేస్తుంది. ముప్పై ఏళ్లు గడిచాక కూడా ఆ పాత గీతల మీద మనుషులు ఇల్లే గీస్తున్నారు.

చేతులు మారిన పలుగు

డీఈయూ డాస్ కాలం నాటిది. దాని సోర్స్ కోడ్ బయటికి ఇచ్చారు కాబట్టి బతికింది. ఆంద్రే మజొరెల్ దాన్ని యూనిక్స్ కంప్యూటర్లకు తెచ్చి యాడెక్స్ అన్నాడు. యాడెక్స్ పునాది మీద ఆండ్రూ ఆప్టెడ్ యురేకాను లేపాడు. ఆయన తర్వాత ఇంకొకరు ఆ బాధ్యత తీసుకున్నారు. కమతం చేతులు మారినట్టు ఎడిటర్ చేతులు మారుతూ వచ్చింది. మధ్యలో ఎవరు దాచుకున్నా మా పిల్ల దాకా వచ్చేది కాదు.

ఆట కూడా ఇలాగే విడుదలైంది. 1997 డిసెంబరు 23న ఇడ్ డూమ్ సోర్స్ కోడ్ ఇచ్చింది. మొదట వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఉండేది. 1999 అక్టోబరులో, ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల జీపీఎల్ లైసెన్సు కిందికి మార్చారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇచ్చింది యంత్రాన్నే, వ్యాడ్‌ను కాదు. గోడల బొమ్మలు, శబ్దాలు, పటాలు ఇప్పటికీ కొనుక్కోవాల్సిన సరుకే. పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడవాలని 1997లో సామాజిక ఒప్పందం రాసుకున్న డెబియన్‌కు ఇది చిక్కు. ఎడిటర్ ఉంది, దాని లైసెన్సూ శుభ్రంగా ఉంది, కానీ గోడకు పూయడానికి సున్నం లేదు.

ఆ సున్నం పేరు ఫ్రీడూమ్. 2001లో మొదలైన ఆ ప్రాజెక్టులో ఔత్సాహికులు ఒక్కో గోడ బొమ్మ, ఒక్కో తలుపు చప్పుడు, ఒక్కో పటం కొత్తగా చేసి డూమ్ వ్యాడ్‌కు బదులు పెట్టారు. మా మేనకోడలు మండువా స్తంభాలకు అంటించిన చెక్క బొమ్మ దాన్లోదే. ఎవరు గీశారో తెలియదు. టేకు దూలంలాగే ఉంది.

■ బాక్స్: డూమ్ గదిలో గజం బద్ద

పటంలో ప్రతిదీ నాలుగు ముక్కల్లో ఉంటుంది: మూలలు, మూలల్ని కలిపే గీతలు, గీతలు చుట్టిన గదులు, గదుల్లో వస్తువులు.

మనిషి ఎత్తు 56. పైకప్పు అంతకన్నా దిగితే లోపలికి పోలేడు.

గది మీద గది కుదరదు. అసలు డూమ్‌లో ప్రతి చోటా ఒకే నేల, ఒకే కప్పు. మా ఇంటి అటక అందుకే పటంలోకి రాలేదు.

గోడకు బొమ్మ అంటించడం మరిస్తే అక్కడ ముందు దృశ్యాలే చెదిరి అలుముకుపోతాయి. ఆటగాళ్లు దాన్ని అద్దాల మహల్ అంటారు.

వ్యాడ్‌లో ఏ పేరైనా 8 అక్షరాలు దాటకూడదు, అదీ ఇంగ్లిష్ లిపిలోనే. "అమ్మమ్మ ఇల్లు" అని పెట్టుకోవడానికి లేదు.

ప్యాకేజీ కట్టడమంటే

ఎడిటర్ రాసేవాళ్లు వేరు, దాన్ని ప్యాకేజీ చేసేవాళ్లు వేరు. ఎడిటర్ రాసేవాడు సోర్స్ కోడ్ మూట కట్టి ఇంటర్నెట్‌లో పెడతాడు. అది వడ్ల బస్తా. అన్నం కాదు. దాన్ని దంచి, చెరిగి, రాళ్లేరి మన కంచం దాకా తెచ్చేవాళ్లు ప్యాకేజీ మెయింటెయినర్లు. డెబియన్‌లో ఆటల ప్యాకేజీలు చాలావరకు గేమ్స్ టీమ్ అనే బృందం ఉమ్మడిగా చూస్తుంది. అందులోని వాళ్లు స్వచ్ఛందంగా పనిచేస్తారు. పగలు ఉద్యోగం, రాత్రి ఇది.

పని ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. కొత్త మూట వచ్చిందని కబురు రాగానే దాన్ని విప్పుతారు. ప్రతి ఫైలూ ఎవరిది, ఏ లైసెన్సు కింద ఇచ్చారు అని చూసి కాపీరైట్ అనే ఫైలులో రాస్తారు. ఎడిటర్‌లో ఒక చిన్న గుర్తు బొమ్మ ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిందని తేలితే, దాన్ని తీసేసి మూట మళ్లీ కడతారు. అలా కట్టిన మూట పేరు చివర డీఎఫ్‌ఎస్‌జీ అన్న గుర్తు చేరుతుంది, స్వేచ్ఛా నియమాల ప్రకారం వడకట్టామని చెప్పడానికి. తర్వాత ఇది నడవడానికి ఇంకే ప్యాకేజీలు కావాలో కంట్రోల్ ఫైలులో రాస్తారు. ఎలా కట్టాలో రూల్స్ ఫైలులో. మూల రచయిత సరిచేయని తప్పులకు అతుకులు వేసి వేరే సంచిలో పెడతారు. వేసిన ప్రతి అతుకునూ మూల రచయితకు పంపి, "ఇది మీరే చేర్చుకోండి" అని అడుగుతారు. అడిగి ఊరుకుంటే అయ్యేది కాదు. గుర్తు చేయాలి, నొచ్చుకోకుండా గుర్తు చేయాలి.

ఇవన్నీ అయ్యాక చేంజ్‌లాగ్. ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఏ ఫిర్యాదుకు జవాబుగా మార్చాం. ఆ చిట్టా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, తెరిచి చదివేవాళ్లు బహు అరుదు. నాకు మాత్రం అది చదవడం అలవాటైంది. ప్రతి మార్పు కింద వారం, తేదీ, గంట, నిమిషం, సెకను, రాసినవాళ్లున్న ప్రాంతపు టైమ్‌జోన్ తేడా ఉంటాయి. మెయింటెయినర్ జీవితం గురించి మనకు దొరికే ఆధారం ఆ ఒక్క వరుస. ఆదివారాలు కనిపిస్తాయి. అర్ధరాత్రికి దగ్గరపడ్డ గంటలు కనిపిస్తాయి. ఒక మార్పుకూ తర్వాతి మార్పుకూ మధ్య ఏళ్ల ఖాళీ కనిపించినప్పుడు, ఆ మనిషి ఇంట్లో ఏం జరిగిందో అనిపిస్తుంది.

ముట్టుకోకపోయినా పాడవుతుంది

"ఎడిటర్ బాగానే నడుస్తోంది కదా, మళ్లీ చూసుకోవడం ఎందుకు?" అని మా మేనకోడలు అడిగింది. మంచి ప్రశ్న. ఇత్తడి బిందె అటక మీద పెడితే పదేళ్లకైనా బిందెగానే ఉంటుంది, చిలుము పట్టినా తోముకోవచ్చు. సాఫ్ట్‌వేర్ అలా కాదు. అది నిలబడ్డ నేల కదులుతూ ఉంటుంది.

2020లో, సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే జీసీసీ 10 కంపైలర్ వచ్చింది. అంతకుముందు ఒకే పేరు రెండు ఫైళ్లలో ప్రకటిస్తే కంపైలర్ చూసీచూడనట్టు పోయేది. కొత్తది ఊరుకోలేదు. ఆ ఒక్క మార్పుతో చాలా పాత సీ ప్రోగ్రాములు కట్టడమే కుదరక ఆగిపోయాయి. వాటిలో ఒక్క అక్షరమూ ఎవరూ మార్చలేదు. క్వేక్ 3 ఆటకు గదులు గీసే జీటీకే రేడియంట్ ఎడిటర్ సోర్స్ 2006లో జీపీఎల్ కిందికి వచ్చింది. దాని మెనూలు, బొత్తాలు జీటీకే 2 మీద కట్టినవి. 2020 డిసెంబరులో జీటీకే 4 రాగానే జీటీకే 2కు కాలం చెల్లింది. ఎడిటర్‌లో 3డి దృశ్యం చూపించే ముక్క జీటీకే 3కి రానే లేదు. అలాంటప్పుడు ఇంటికి సున్నం వేస్తే చాలదు, దూలాలన్నీ దించి కొత్తవి ఎక్కించాలి. యురేకా ఎఫ్‌ఎల్‌టీకే అనే చిన్న, నిదానమైన సామగ్రి మీద నిలబడింది కాబట్టి అంత దెబ్బ తగలలేదు. చిన్న సామాను ఎంచుకోవడంలో ఉన్న దూరదృష్టి అప్పుడు తెలిసొస్తుంది.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. డెబియన్ ప్యాకేజీలను ఒక్క ల్యాప్‌టాప్ రకానికే కట్టరు. ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్‌లకు కడతారు. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 నుంచి రిస్క్-5 చిప్‌లకూ అధికారికంగా కడుతున్నారు. బ్యాంకుల్లో వాడే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లకూ కడతారు. ఆ మెయిన్‌ఫ్రేమ్ అంకెలను మన పీసీకి తలకిందులుగా, పెద్ద స్థానం ముందు పెట్టి దాచుకుంటుంది. వ్యాడ్ ఫైలులో అంకెలు చిన్న స్థానం ముందు. అక్కడ ఎడిటర్ సరిగా కట్టకపోతే 24 ఎత్తు అరుగు 6144 అవుతుంది. మెయిన్‌ఫ్రేమ్ మీద కూచుని డూమ్ గదులు ఎవరు గీస్తారని తోసిపుచ్చరు. అక్కడ బయటపడే తప్పు ఇంకోచోట దాగి ఉంటుందని మెయింటెయినర్లకు తెలుసు.

2038 జనవరి 19న పాత 32 బిట్ల గడియారాలు నిండిపోతాయి. దానికోసం డెబియన్‌లో 2024లోనే లైబ్రరీలు పెద్ద ఎత్తున పేర్లు మార్చుకుని, వాటిపై ఆధారపడ్డ ప్యాకేజీలు మళ్లీ కట్టుకున్నాయి. పద్నాలుగేళ్ల తర్వాత రాబోయే క్షణం కోసం ఎవరో రాత్రుళ్లు కూచున్నారు.

సమయానికి సరిచేయకపోతే ఏమవుతుంది? తీవ్రమైన తప్పు నమోదైన ప్యాకేజీని, గడువులోగా బాగుచేయకపోతే, రాబోయే విడుదల నుంచి యంత్రమే తీసేస్తుంది. ముందుగా ఒక హెచ్చరిక ఉత్తరం వస్తుంది. మెయింటెయినర్ పెళ్లిలోనో ఆస్పత్రిలోనో ఉంటే ఆ ఉత్తరం అలా పడి ఉంటుంది. ఇక తన వల్ల కాదనుకుంటే ప్యాకేజీని "అనాథ"గా ప్రకటిస్తారు. డెబియన్ వాళ్లు వాడే మాటే అది. అప్పుడు మెయింటెయినర్ పేరు చోట క్యూఏ గ్రూప్ అని పడుతుంది. చెప్పకుండా మాయమైనవాళ్ల కోసం ఎంఐఏ అనే బృందం ఉంది, యుద్ధంలో జాడ తెలియని సైనికులకు వాడే మాట. వాళ్లు ఉత్తరాలు రాసి బాగున్నారా అని అడుగుతారు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ముందు మనిషి గురించి వాకబు, తర్వాత ప్యాకేజీ.

అర సెకను

ఎక్స్‌జెడ్ సంగతికి వద్దాం. ఫైళ్లను కుదించే ఆ చిన్న ప్రోగ్రామును ఏళ్ల తరబడి ఒకే ఒక్క వలంటీరు చూసుకున్నాడు. మార్పులు ఆలస్యమవుతున్నాయని కొందరు పదేపదే ఒత్తిడి తెచ్చారు. సాయం చేస్తానంటూ జియా టాన్ పేరుతో ఎవరో వచ్చారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. డెబియన్ స్థిరమైన విడుదలకు చేరకముందే పట్టుబడింది. ఎలాగంటే, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్‌కు తన కంప్యూటర్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమైంది. ఆ అర సెకను ఎక్కడ పోయిందో తవ్వి చూశాడు. 2024 మార్చి 29న ప్రపంచానికి చెప్పాడు.

దొంగ వాడుకున్నది కోడ్‌లోని లోపాన్ని కాదు, ఒక మనిషి అలసటను. గేమ్ ఎడిటర్‌కు బ్యాంకు దొంగలు రాకపోవచ్చు. ఆ అలసట మాత్రం దాన్ని చూసుకునేవాళ్లకూ ఉంది. తప్పు దొరికితే కోపంగా రాసే ఉత్తరాలు వాళ్లకూ వస్తాయి. నెలల తరబడి బాగా నడిచిందని రాసేవాళ్లు దాదాపు ఉండరు.

వీళ్లను తలచుకుంటే మా గోదావరి జిల్లాల్లో కాలువ నీళ్లు చూసుకునే లస్కర్లు గుర్తొస్తారు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం ఊరూరా ఉంది. ఉండాల్సిందే. అయితే ఆ నీరు మా చేను దాకా వచ్చిందంటే లస్కరు వేళకు తూము తలుపు లేపి, గండి పడ్డచోట బుట్టెడు మట్టి వేసి, రాత్రి గట్టు మీద లాంతరుతో తిరిగాడు కాబట్టి. లస్కరు విగ్రహం నేనెక్కడా చూడలేదు. ఆయనకు చిన్నదో పెద్దదో జీతమైతే ఉంది. ప్యాకేజీ మెయింటెయినర్లలో ఎక్కువమందికి అదీ లేదు.

దారి లేదని కాదు. టైల్డ్ అనే ఇంకో స్వేచ్ఛా లెవెల్ ఎడిటర్ ఉంది, చదరపు పలకలు పరిచి పటాలు కట్టేది. థోర్‌బ్యోర్న్ లిండయర్ 2008లో దాన్ని సీ++లో తిరగరాశాడు. వాడేవాళ్లు ఇచ్చే చందాలతో ఆయన దాని మీద నిలకడగా పనిచేయగలుగుతున్నాడు. ఆ ఎడిటర్ వాడే చిన్న ఆటల కంపెనీలు ఎన్నో. అయినా చందా సాధారణంగా మూల రచయిత దాకా పోయి ఆగుతుంది. మధ్యలో బస్తా దంచినవాడి దాకా రాదు. దీన్ని మార్చాలని నాకు గట్టిగా ఉంది. మన కాలేజీల్లో ఏటా వేల ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ చేయించుకుని బీరువాల్లో మగ్గుతున్నాయి. వాటి బదులు ఒక అనాథ ప్యాకేజీని చేరదీసి, ఒక్క తప్పు సరిచేసి, ఆ మార్పు చేంజ్‌లాగ్‌కు ఎక్కేలా చేసిన విద్యార్థికి మార్కులు వేస్తే ఎంత బాగుంటుంది!

■ బాక్స్: మన వైపు గీతలు

డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. వాటిలో ఫాంట్స్-తెలుగువిజయం ఒకటి. ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన, గిడుగు, గురజాడ పేర్లున్న తెలుగు అక్షరరూపాలు దానిలో వస్తాయి.

డెబియన్ ఇన్‌స్టాలర్‌ను తెలుగులోనూ నడపవచ్చు.

డెబియన్ వార్షిక సమావేశం డెబ్‌కాన్ మన దేశంలో మొదటిసారి 2023 సెప్టెంబరులో కేరళలోని కొచ్చిలో జరిగింది.

నూతి పళ్లెం

సాయంత్రం టీ తాగుతుండగా పటం పరీక్షకు పెట్టింది. ఎడిటర్ ఒక తప్పు చూపించింది. వంటింటి గది గీత ఒకచోట మూసుకోలేదు. రెండు మూలలు ఒకదాని మీద ఒకటి ఉన్నట్టే కనిపిస్తున్నాయి గానీ మధ్యలో సన్నటి ఎడం. మూలను పట్టి లాగి రెండో దాని మీద వదిలింది. తప్పు పోయింది. ఆ తప్పు పట్టే పరీక్షను ఎవరో ఎప్పుడో రాసి ఉంటారు. అది ఈనాటి కంపైలర్‌తో, ఈనాటి తెరల మీద నడిచేలా ఇంకెవరో చూసి ఉంటారు.

"పెరట్లో నుయ్యి ఎక్కడుండేది మావయ్యా?"

వంటింటి తలుపుకు ఎదురుగా అన్నాను. కాదేమో అనిపించింది. అమ్మకు ఫోన్ చేసి స్పీకర్ మీద పెట్టాను.

"ఎదురుగా కాదురా. కుడి చేతి వైపు, నందివర్ధనం చెట్టు పక్కన. నూతి పళ్లెం ఎక్కడానికి రెండు మెట్లు. రెండోది విరిగి ఉండేది, తాతగారు బాగుచేయిస్తా బాగుచేయిస్తా అంటూనే పోయారు. అమ్మాయ్, విరిగిందే పెట్టు."

పిల్ల మొదటి మెట్టుకు 12 వేసింది. రెండోదానికి గీతను మధ్యలో విరిచి, ఒక ముక్కకు 24, ఇంకో ముక్కకు 18 ఇచ్చింది.